లె మాన్స్ పందెమూ బ్రేకుల వేడీ

ఫ్రాన్సులోని లె మాన్స్‌లో 1923లో మొదలైన 24 గంటల పందెం కార్ల బ్రేకులకు కఠిన పరీక్షగా నిలవడానికి ప్రధాన కారణం అక్కడి ముల్సాన్ రహదారి. సుమారు 6 కిలోమీటర్ల ఆ తిన్నని దారిలో గరిష్ఠ వేగం అందుకున్న కారు, దాని చివరి మలుపు దగ్గర ప్రతి చుట్టులోనూ, పగలనక రాత్రనక, బాగా నెమ్మదించవలసి వచ్చేది. గతిశక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, వేగం రెట్టింపైతే బ్రేకులు వేడిగా మార్చవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది.

1950ల ఆరంభం వరకు పందెపు కార్లకు సాధారణంగా డ్రమ్ బ్రేకులే ఉండేవి. చక్రంతో పాటు తిరిగే డ్రమ్ము లోపలి అంచుకు, షూలు అనే వంపు పట్టీలు ఒత్తుకొని చక్రాన్ని నిలువరించే ఈ అమరికలో, వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు ఎడమయ్యేది, షూల పైపూత పట్టు కూడా సడలేది. పెడల్ ఎంత తొక్కినా బ్రేకు పట్టని ఈ స్థితినే బ్రేక్ ఫేడ్ అంటారు. జాగ్వార్, డన్‌లప్ సంస్థలు కలిసి అభివృద్ధి చేసిన డిస్క్ బ్రేకులో బిళ్ల బయటి గాలిలోనే తిరుగుతూ త్వరగా చల్లబడుతుంది. ఆ బ్రేకులున్న సి-టైప్ కారుతో 1953లో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ లె మాన్స్ పందెం గెలిచినప్పుడు, అక్కడి విజేత సగటు వేగం మొదటిసారిగా గంటకు 100 మైళ్లు, అంటే 161 కిలోమీటర్లు దాటింది.

మెర్సిడెస్ సంస్థ మాత్రం 1955లోనూ డ్రమ్ములనే నమ్ముకుంది. చక్రాలలో ఇమడనంత పెద్ద డ్రమ్ములను కారు శరీరం లోపలి వైపు అమర్చి, అవీ చాలవని డ్రైవరు వెనుక గాలికి అడ్డంగా పైకి లేచే లోహపు రెక్కను చేర్చింది. ఆ ఏటి పందెంలో 80 మందికి పైగా ప్రాణాలు తీసిన ఘోర ప్రమాదం తర్వాత ఆ జట్టు పందెం నుంచి తప్పుకుంది కనుక, రెండు పద్ధతుల పోటీ చివరిదాకా సాగలేదు. అయినా పరిమాణం ఒక్కటే పరిష్కారం కాదని ఆ రెక్కే చెబుతున్నది.

ఒక్కసారి ఆగడానికి పట్టే దూరాన్ని నిర్ణయించేది ప్రధానంగా టైరుకూ నేలకూ మధ్య ఉండే పట్టు. చక్రాన్ని బిగదీసి జార్చగల బలం ఉన్న బ్రేకు స్థానంలో ఇంకా పెద్దది పెట్టినంత మాత్రాన ఆ దూరం తగ్గదు; పైగా స్ప్రింగుల కింద బరువు పెరిగి, ఎగుడుదిగుడు దారిలో చక్రం నేలను అంటిపెట్టుకోవడం కష్టమవుతుంది. వేడిని పదేపదే మోయవలసినప్పుడే పెద్ద డిస్కు విలువ బయటపడుతుంది. 1957 నాటి ఎక్స్‌కే150తో జాగ్వార్ డిస్క్ బ్రేకులను సాధారణ కొనుగోలుదారులకు అందించింది. కానీ లె మాన్స్ పుట్టించినంత వేడి మామూలు రోడ్లపై అరుదుగానే పుడుతుంది.