గుర్రానికి గడ్డ, టీకాకు బలం

కంఠసర్పి పిల్లల్ని పొట్టన పెట్టుకుంటున్న రోజుల్లో దాని విరుగుడు గుర్రాల నెత్తురు నుంచి వచ్చేది. పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ గుర్రాలను చూసుకునే పశువైద్యుడు గాస్తోన్ రమోన్ ఒక వింత గమనించాడు. సూది పొడిచిన చోట గడ్డ లేచి చీము పట్టిన గుర్రాల్లోనే విరుగుడు ఎక్కువగా ఊరుతోంది. అలాగైతే ఆ వాపేదో మనమే తెప్పిస్తే? 1925 నాటికి కోరలు తీసిన కంఠసర్పి విషమైన టాక్సాయిడ్‌లో కర్రపెండలం పిండి, రొట్టె పొడి కలిపి ఎక్కించాడు. అన్నీ వంటింటి సరుకులే. విరుగుడు పెరిగింది.

మరుసటి ఏడాది లండన్‌లో అలెగ్జాండర్ గ్లెన్నీ బృందం పటిక వాడింది. గడ్డం గీశాక మంగలి రుద్దే పటికే, బురదనీళ్లు తేర్చే పటికే. ఆ తర్వాత దశాబ్దాల పాటు మనుషుల టీకాల్లో అల్యూమినియం లవణాలదే రాజ్యం. ఫ్రాయిండ్ అనే శాస్త్రవేత్త చేసిన నూనె మిశ్రమం ఇంకా ఘాటైనదే కానీ, పుండ్లు చేస్తుందని ప్రయోగశాల జంతువుల దగ్గరే ఆగిపోయింది.

ఈ సహాయకాలు ఎందుకు పనిచేస్తాయో మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. ఇది మా శాస్త్రం దాచుకున్న మురికి గుట్టని 1989లో రోగనిరోధక శాస్త్రవేత్త చార్లెస్ జేన్‌వే ఎత్తిపొడిచాడు. సూక్ష్మజీవి ఆనవాలు పట్టే కావలివాళ్లు ఒంట్లో ముందే ఉండాలని ఆయన ఊహ. 1998లో బ్రూస్ బ్యూట్లర్ ఎలుకల్లో అలాంటి గ్రాహకాన్ని పట్టుకున్నాడు.

ఇదంతా జబ్బకు పొడిచే సూది కథ. జబ్బులు చాలావరకు వచ్చేది ముక్కు నుంచి, నోటి నుంచి. ఆ తేమ పొరల్లో కాపలా కాసేది ఐజీఏ అనే ప్రతిరక్షకం. లాలాజలంలో, ముర్రుపాలలో దాని ప్రత్యేక రూపాన్ని 1960లలో థామస్ టొమాసి బయటపెట్టాడు. సేబిన్ పోలియో చుక్కలు పేగులోనే వైరస్‌కు అడ్డు నిలిచాయి. అది బతికున్న వైరస్, దానికి వేరే తోడు అక్కర్లేదు. చచ్చిన సరుకుకే ఊతం కావాలి.

2000లో స్విట్జర్లాండ్‌లో ముక్కులో కొట్టే ఫ్లూ టీకాకు ఈ-కోలై విషాన్ని తోడిచ్చారు. వేసుకున్న కొందరికి మూతి ఒక పక్కకు వంకరపోయింది. టీకాను వెనక్కి తీసుకున్నారు. జబ్బ మీద వాపు నాలుగు రోజుల్లో తగ్గుతుంది. ముక్కు పక్కనే ముఖపు నరాలున్నాయి. నా లెక్కన ముక్కు టీకాల పరిశోధన నత్తనడక నడవడానికి ఆ భయం కూడా ఒక కారణం.

హైదరాబాద్ భారత్ బయోటెక్ కోవిడ్ టీకా కోవాగ్జిన్‌లో పటిక సంతతికి చెందిన లవణం ఉంది, దాని మీద గ్రాహకాలను తట్టిలేపే చిన్న అణువూ ఉంది. 2022లో అనుమతి పొందిన అదే సంస్థ ముక్కు చుక్కల టీకాలో ఆ రెండూ లేవు. ఒంట్లో పెరగలేని చింపాంజీ అడినోవైరస్‌నే వాహనం చేసి, ముక్కుపుటానికి నాలుగేసి చుక్కలు వేశారు.