ఒకే సంధి, రెండు తీరాలు

కెనడా తూర్పు తీరానికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఫ్రాన్సు ఉందంటే మన పిల్లలు నమ్మరు. న్యూఫౌండ్‌లాండ్‌కి దక్షిణాన సెయింట్ పియెర్, మికెలాన్ అనే దీవులున్నాయి. విస్తీర్ణం 242 చదరపు కిలోమీటర్లు, జనాభా ఆరు వేల లోపు. అక్కడ చెల్లేది యూరో, ఎగిరేది ఫ్రెంచి జెండా. మిల్టన్‌లో ఉంటున్న నాకు ఈ సంగతి మా అమ్మాయి ఏడో తరగతి చరిత్ర పాఠం చదివిస్తున్నప్పుడు తెలిసింది. తెలియగానే గుర్తొచ్చిన ఊరు పారిస్ కాదు, యానాం!

నేను పెరిగింది కాకినాడలో. అక్కడికి యానాం ముప్ఫై కిలోమీటర్లు. యానాంలో పెట్రోలు, మందు చవకని మా ప్రాంతంలో అందరికీ తెలుసు. నాలుగు పక్కలా ఆంధ్రప్రదేశ్ ఉండగా ఆ ఒక్క ఊరికీ పన్నులు ఎందుకు వేరో తెలియాలంటే మాత్రం కాస్త వెనక్కి వెళ్ళాలి.

గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ చీలేచోట యానాం ఉంది. మన నేతగాళ్ళ బట్టలకు ఐరోపాలో గిరాకీ ఉన్న రోజుల్లో నదీముఖం దగ్గర చోటు దొరకడమంటే వర్తకులకు పంట పండినట్టే. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు దుకాణం పెట్టారు. ఫ్రెంచివాళ్ళు 1723లో యానాం వచ్చి, లాభం లేక 1727లో వదిలేసి, 1731లో మళ్ళీ వచ్చారు.

తర్వాత ఏడేళ్ళ యుద్ధం వచ్చింది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర విజయనగరం రాజుల సాయంతో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచి సేనను ఓడించాడు. తొమ్మిది నెలలకు, 1759 సెప్టెంబరులో, క్యుబెక్ ఇంగ్లీషువారి పరమైంది. గోదావరి ఒడ్డున, సెయింట్ లారెన్స్ ఒడ్డున జరిగింది ఒకే యుద్ధం.

1763 ఫిబ్రవరి 10న కుదిరిన పారిస్ సంధిలో ఈ రెండు తీరాల లెక్కా తేలింది. ఆరో అధికరణం ప్రకారం కెనడా పోగొట్టుకున్న ఫ్రాన్సుకు, జాలర్లు తలదాచుకోవడానికి ఈ దీవులు దక్కాయి. కోటలు కట్టకూడదు, పోలీసు పనికి యాభైమందిని మించి ఉంచకూడదు. పదకొండో అధికరణం ప్రకారం 1749 మొదట్లో ఇండియాలో ఉన్న స్థావరాలు తిరిగి వచ్చాయి. బుస్సీ సంపాదించిన ఉత్తర సర్కారులు పోయి, యానాం మిగిలింది. ఆ తర్వాతి యుద్ధాల్లోనూ రెండూ చేతులు మారి, 1814 సంధి తర్వాత గానీ ఫ్రాన్సు కింద స్థిరపడలేదు.

ఇలాంటి చిన్న చోట్లకు పక్కవాడి చట్టమే బతుకుతెరువు. 1930లో బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం అమల్లోకి వచ్చాక, బాల్యవివాహాలు చేయదలచినవాళ్ళు పిల్లల్ని తీసుకుని యానాం వచ్చేవారు. అలా దానికి కల్యాణపురమని పేరొచ్చింది. పేరు ముచ్చటగా ఉన్నా, దాని వెనక ఊహ తెలియని ఆడపిల్లల బతుకులున్నాయి. అదే కాలంలో అమెరికాలో మద్యనిషేధం ఉండగా (1920–33) కెనడా విస్కీ సెయింట్ పియెర్ గోదాముల మీదుగా దొంగచాటుగా దిగుమతయ్యేది.

దారులు చీలింది తర్వాతే. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. ఆయన ఒకప్పుడు ఫ్రెంచి పోలీసు ఉద్యోగే! అక్టోబరు 18న కీళూరులో సమావేశమైన 178 మంది ప్రతినిధుల్లో 170 మంది భారతదేశంలో విలీనానికి ఓటేశారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. అప్పగింత ఒప్పందం మీద 1956 మే 28న సంతకాలైనా, అమల్లోకి వచ్చింది 1962 ఆగస్టు 16నే.

ఆ ఒప్పందంలో రెండు మాటలు మనం గమనించాలి. ఒకటి, ఈ ప్రాంతాల ప్రత్యేక పాలనాస్థాయిని మార్చాలంటే ముందు ప్రజల అభీష్టం తెలుసుకోవాలి. యానాం ఆంధ్రలో కలవకుండా ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న పుదుచ్చేరి కిందనే ఉండడానికి ఇదొక ముఖ్య కారణం. రెండోది, అక్కడ పుట్టి అక్కడే ఉంటున్న ఫ్రెంచి జాతీయులు భారత పౌరులవుతారు. వద్దనుకుంటే ఆరు నెలల్లో రాసివ్వాలి. కెనడా పౌరసత్వ ప్రమాణం చేసి, భారత పాస్‌పోర్టు వదులుకున్న మనలో చాలామందికి ఆ ఆరు నెలల బరువు ఎలాంటిదో చెప్పనక్కర్లేదు.

సెయింట్ పియెర్ ఫ్రాన్సుతోనే ఉండిపోయింది. చుట్టూ ఉన్న సముద్రం ఎవరిదన్న తగువు తీరుస్తూ 1992 జూన్‌లో అంతర్జాతీయ మధ్యవర్తులు వారికి దక్షిణంగా రెండు వందల నాటికల్ మైళ్ళ సన్నని పట్టీ ఇచ్చారు. మరుసటి నెలే కెనడా ఉత్తర కాడ్ చేపల వేటను నిషేధించింది. 1993లో ఆ దీవుల పక్క నీళ్ళకూ నిషేధం పాకింది. హద్దులు తేలేసరికి చేపలు లేవు!

యానాంలోనూ ప్రకృతికి హద్దులు పట్టవు. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు ఆంధ్ర లంకల్నీ యానాం వీధుల్నీ ఒకే నీరు ముంచింది. ఎగువన ధవళేశ్వరం బ్యారేజి ఒక ప్రభుత్వానిది, దిగువన మునిగిన ఊరు మరొకరిది. పేరుకి ఎవరి కింద ఉన్నా, కష్టంలో చెప్పుకోవలసింది పొరుగువాడికే.

యానాం ఆంధ్రలో కలవాలా వద్దా అన్నది అక్కడివాళ్ళు తేల్చుకోవలసిన మాట. ఇంత దూరాన ఉన్న మనం తీర్పు చెప్పక్కర్లేదు. కానీ ఒకటి చూడండి. రెండు శతాబ్దాలు ఫ్రెంచి ఏలుబడి, ఆ తర్వాత తమిళులు ఎక్కువగా ఉన్న శాసనసభలో ఒకే ఒక్క సభ్యుడు. అయినా అక్కడి ఇళ్ళలో తెలుగు పోలేదు. 1965 అధికార భాషా చట్టం కూడా యానాంలో తెలుగుకు చోటిచ్చింది. ఏ జెండా కింద ఉండాలో చాలాసార్లు ఎక్కడో దూరాన రాజులు తేలుస్తారు. ఇంట్లో ఏ భాష ఉండాలో తేల్చేది మాత్రం అమ్మానాన్నలు. మిల్టన్‌లోనైనా, యానాంలోనైనా అంతే.