నిరాకరింపబడిన మూలములు

భాస్కరాచార్యులు 1150లో రచించిన బీజగణితమున కోతుల లెక్క యొకటి గలదు. గుంపులో అయిదవ వంతునుండి మూడింటిని తీసివేసి, మిగిలినదానిని వర్గము చేయగా వచ్చినన్ని కోతులు గుహలో దూరినవి. ఒక్కటి మాత్రము కొమ్మపై కనబడుచున్నది. గుంపులో కోతులెన్ని?

సమీకరణమును సరిపుచ్చు సంఖ్యకు మూలమని పేరు. ఈ లెక్కకు మూలములు రెండు: 50, 5. ఏబదిలో అయిదవ వంతు పది, మూడు పోగా ఏడు, ఏడేళ్లు నలుబదితొమ్మిది, కొమ్మపైదానితో ఏబది. ఇక అయిదులో అయిదవ వంతు ఒకటి. మూడు తీసివేయగా ఋణము రెండు. దాని వర్గము నాలుగు. ఒకటి కలుపగా అయిదు. లెక్క సరిపోయినది. కాని ఒక కోతినుండి మూడు కోతులను తీయుటెట్లు? కనుక ఋణము లోకసమ్మతము గాదని ఆచార్యులు రెండవ మూలమును విడిచిరి.

అంతకు మూడు శతాబ్దుల ముందే, 850 ప్రాంతమున, మహావీరాచార్యులు ఋణసంఖ్యకు వర్గమూలమే లేదని గణితసారసంగ్రహమున తేల్చిరి. ఆ గ్రంథమును తెనుగు పద్యములుగా వెలయించినవాడు మన పావులూరి మల్లన. ఏ సంఖ్యను వర్గించినను ఋణము రాదు గనుక ఆ తీర్పు సహేతుకమే.

అయినను ఘన సమీకరణములయెడ ఆ తీర్పు నిలువలేదు. ఇటలీలో దెల్ ఫెర్రో, తార్తాలియాలు కనుగొనిన సాధన సూత్రమును 1545లో కార్డానో ప్రకటించెను. ఒక సంఖ్య ఘనము, ఆ సంఖ్యకు 15 రెట్లపై 4 అధికమనుకొందము. ఆ సంఖ్య 4 అని మనకు తెలియుచునే యున్నది: 64 కు 60, 4 సరిపోవును. కాని సూత్రముననుసరించి పోయినచో నడుమ ఋణము 121 యొక్క వర్గమూలము అడ్డుపడును! కళ్లెదుట నున్న సమాధానమునకు దారి లేని చోటునుండి పోవలసివచ్చినది.

1572లో బొంబెల్లి ధైర్యముచేసి, అట్టి మూలములను కూడుటకు, గుణించుటకు నియమములు ఏర్పరచెను. ఆ నియమములతో ముందుకు సాగగా చివర అవి రెండును పరస్పరము రద్దయి, 4 మిగిలెను. నిషిద్ధమైనదే మార్గమయ్యెను.

ఈ సంఖ్యలను అంగీకరించినచో ప్రతి బహుపదికిని దాని పరిమాణమెంతయో అన్ని మూలములుండును; ఒకే మూలము పలుమారులు వచ్చినచో అన్నిమారులును లెక్కింపవలెను. దీని నిరూపణకు గౌస్ 1799లో పూనుకొనెను. నేడిది బీజగణితమునకు మూలస్తంభము.

శ్రోతలకు ఇది దూరపు ముచ్చట గాదు. రేడియోలో స్టేషనును ఎన్నుకొను విద్యున్మండలమునకును ఒక వర్గ సమీకరణము గలదు. దాని మూలములలో ఋణసంఖ్య వర్గమూలము కనబడినప్పుడే ఆ మండలము స్వయముగ డోలనము చేయగలదు. ఒకనాడు మనము లేదన్న సంఖ్యయే నేడు మన యింట పలుకుచున్నది.