వర్చువల్ ఫోన్ - తీరప్రాంత యాప్‌ల పరీక్ష

యాప్‌లను పరీక్షించడానికి కంప్యూటర్‌లోనే నడిపే కృత్రిమ మొబైల్. ఎమ్యులేటర్ అనీ అంటారు. ఆండ్రాయిడ్ స్టూడియోలోని డివైస్ మేనేజర్‌లో ఫోన్ నమూనా, ఆండ్రాయిడ్ వెర్షన్ ఎంచుకుంటే సిద్ధమవుతుంది. కంప్యూటర్ బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో లేకపోతే నత్తనడకే, లేదా అసలు మొదలవదు.

నెల్లూరు తీరంలోని మత్స్యకారుల కోసం చేసే యాప్‌లకు దీని అవసరం మరీ ఎక్కువ. కృష్ణపట్నం, జువ్వలదిన్నె వైపు నుంచి వేటకెళ్లిన పడవ 10-12 కిలోమీటర్లు దాటితే సాధారణంగా సెల్ సిగ్నల్ అందదు. ఆ స్థితిని గదిలోనే కల్పించవచ్చు. ఎమ్యులేటర్ స్థానాన్ని మార్చే ‘జియో ఫిక్స్’ ఆదేశానికి 80.3, 14.25 అని ఇస్తే, ఫోన్ కృష్ణపట్నానికి తూర్పున సముద్రంలో ఉందనే యాప్ నమ్ముతుంది. రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత ఇవ్వాలి; తారుమారైతే పడవ ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది! ఆపైన నెట్‌వర్క్ ఆపేసి, అంతకుముందే అందిన తుపాను హెచ్చరిక తెరపై నిలుస్తుందో లేదో చూడాలి. ప్రాణాలతో ముడిపడిన పరీక్ష ఇది.

సెల్ సిగ్నల్ లేని చోట హెచ్చరికలకు మరో దారీ ఉంది: హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ 2019లో తెచ్చిన జెమిని పరికరం, గగన్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా వచ్చే సందేశాలను బ్లూటూత్‌తో ఫోన్‌కు అందిస్తుంది. అలాంటి పరికరంతో ఫోన్ జత కుదిరే తీరు, ఎండలో తెర కనిపించడం, తడిచేతి స్పర్శ ఎమ్యులేటర్‌లో తేలవు. తుది పరీక్ష అసలు ఫోన్‌తో, పడవ మీదే జరగాలి.