పేరు పెట్టి పిలిచేవాళ్లు: హ్యామ్ రేడియో, మన తుఫాన్లు



ఈసారి ధాన్యం రేటు గురించీ కాదు, ఎలకల బాధ గురించీ కాదు. కార్తీకమాసం దగ్గర పడుతోందంటే మన డెల్టా రైతు ఒక కన్ను చేలో, ఒక కన్ను బంగాళాఖాతంలో పెట్టుకుని కూర్చుంటాడు. సార్వా కోతకొచ్చే రోజులూ, వాయుగుండాలు పుట్టే రోజులూ ఒకటే కదండి. అందుకని తుఫాను గురించే రాస్తున్నాను. అయితే గాలి వేగం, నష్టపరిహారం లెక్కలు కాదు. గాలి ఆగిపోయాక కరెంటు లేదు, ఫోను లేదు, రోడ్డు లేదు. అలాంటప్పుడు "అక్కడ ఎవరైనా ఉన్నారా?" అని మొదట అడిగేది ఎవరు? ఆ సంగతి రాస్తున్నాను.

మన కోస్తాలో ఆ పని చేసినవాళ్లలో ఒక రకం మనుషులున్నారు. వాళ్ల గురించి పెద్దగా ఎవరూ చెప్పుకోరు. వాళ్లని హ్యామ్‌లంటారు. సరదాగా రేడియోలు పెట్టుకుని ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకునేవాళ్లు. ఇది వాళ్ల ఉద్యోగం కాదు, ఎవరూ జీతం ఇవ్వరు.

ముందు 1977 చూద్దాం. నవంబర్ 19, శనివారం. దివిసీమ ఉప్పెన. సముద్రం 6 మీటర్ల ఎత్తున, అంటే మూడు నిలువులు దాటి, ఊళ్ల మీదకొచ్చింది. చనిపోయినవాళ్లు అధికారిక లెక్కలోనే పదివేల దాకా. వంద ఊళ్ల వరకు నీళ్లలో చిక్కుకోవడమో, కొట్టుకుపోవడమో జరిగింది. నాకప్పుడు ఏడెనిమిదేళ్లు. మా ఇంట్లో పెద్దవాళ్లు రేడియో చుట్టూ కూర్చున్నది మాత్రం లీలగా గుర్తు. ఆ రోజుల్లో ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి, పెద్దవాళ్లకి జ్ఞాపకం ఉండే ఉంటుంది.

ఇప్పుడు ఆ రోజుల గురించి చదివితే నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించే సంగతి ఒకటుంది. ఉప్పెన వచ్చింది శనివారం. అక్కడ ఏం జరిగిందో బయటికి తెలియడం మొదలైంది సోమవారం, 21వ తేదీన. ఆ కబురు బయటపెట్టింది తమ సెట్లు తామే మోసుకెళ్లిన హ్యామ్ ఆపరేటర్లు. ఎవరూ జీతమిచ్చి పంపలేదు, వాళ్లంతట వాళ్లే వెళ్లారు. మధ్యలో ఆ రెండు రోజులు చూడండి. చెట్టు కొమ్మ పట్టుకుని వేలాడుతున్నవాడున్నాడు, గుడి మీదకెక్కి కూర్చున్నవాడున్నాడు. వాడు ఉన్నాడన్న సంగతే లోకానికి తెలియదు. ఉప్పెన చంపినవాళ్లు కొందరైతే, కబురు తెలియక, సాయం అందక పోయినవాళ్లు ఇంకెందరో. వాళ్ల లెక్క ఎవరూ తీయలేరు.

అసలు ఈ హ్యామ్ అంటే ఏమిటో చెబుతాను. మన ఇంట్లో రేడియో వినడానికే పనికొస్తుంది. హ్యామ్ దగ్గరున్న సెట్టు వింటుంది, మాట్లాడుతుంది కూడా. దానికి కేంద్ర ప్రభుత్వం పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. లైసెన్సుతో పాటు ఒక పిలుపు పేరు వస్తుంది, కాల్‌సైన్ అంటారు. మన దేశం వాళ్లకి అది ఎక్కువగా వీయూ అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది. ప్రధానిగా చేసిన రాజీవ్ గాంధీ గారు కూడా హ్యామే. ఆయన పిలుపు పేరు వీయూ2ఆర్జీ. గాల్లో మాట్లాడుకునేటప్పుడు మంత్రి అయినా, మెకానిక్ అయినా అంతా ఆ పిలుపు పేరే. ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే "సీక్యూ, సీక్యూ" అని పిలుస్తారు. అంటే ఎవరున్నా పలకండి అని. దూరదేశం వాడితో మాట్లాడితే గుర్తుగా పోస్టులో కార్డు పంపుకుంటారు. సెలవు తీసుకునేటప్పుడు "73" అంటారు, శుభాకాంక్షలని అర్థం. పాతరోజుల్లో సెట్లు కూడా చాలామంది సొంతంగా, పాత సామాను ఏరి తెచ్చుకుని బిగించుకునేవారు. ఇంట్లోవాళ్లకి అది పిచ్చిలాగే కనపడేది.

దీని గొప్పతనం ఎక్కడుందంటే, మధ్యలో ఇంకెవరి అవసరమూ లేదు. మన సెల్‌ఫోను మాట్లాడాలంటే ఊళ్లో టవరు నిలబడాలి, టవరుకి కరెంటు కావాలి, కరెంటు పోతే డీజిలు కావాలి, అక్కణ్ణుంచి తీగ తెగకుండా ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి పోయినా మీ చేతిలో ఉన్నది అద్దం ముక్కే. హ్యామ్‌కి కావలసింది సెట్టు, 12 వోల్టుల బ్యాటరీ, ఒక తీగ. మన ట్రాక్టరు బ్యాటరీ చాలు. 40 మీటర్ల బ్యాండు అని వాళ్లొకటి వాడతారు, దానికి 20 మీటర్ల తీగ కావాలి, అంటే సుమారు 66 అడుగులు. రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టుకోవచ్చు. ఆ తరంగం పైకెళ్లి, ఆకాశంలో చాలా ఎత్తున ఉండే ఒక పొరకి తగిలి మళ్లీ కిందకి వంగుతుంది. అలా వందల కిలోమీటర్ల అవతలికి మాట చేరుతుంది. నడుమ గోదారి పొంగినా, స్తంభాలు పడిపోయినా దానికి పట్టదు.

కానీ యంత్రం ఒక్కటే అయితే నేనింత రాయను. నాకు నచ్చింది వాళ్ల అలవాటు. వాళ్లలో "నెట్" అని ఒక పద్ధతుంది. ఇంటర్నెట్ కాదండోయ్. రోజూ ఒకే టైముకి, ఒకే చోట అందరూ సెట్లు పెట్టుకుని కలుస్తారు. ఒకాయన హాజరు పిలుస్తాడు. బళ్లో మేష్టారు పిలిచినట్టే. ఒక్కొక్కళ్లు తమ పేరు చెప్పి "ఉన్నాను" అంటారు. మామూలు రోజుల్లో అందులో విషయమేమీ ఉండదు. మీ ఊళ్లో వానా, మా ఊళ్లో ఎండ, కొత్త తీగ కట్టాను, మనవడు పుట్టాడు, ఇంతే. తుఫాను వచ్చిన మర్నాడు మాత్రం అదే హాజరు ప్రాణమవుతుంది. రోజూ పలికేవాడు ఇవాళ పలకలేదంటే అవతలివాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. వాడి ఊరేదో తెలుసు, వాడి గొంతు తెలుసు. ఇంకో గంటకి మళ్లీ పిలుస్తారు. పలక్కపోతే ఆ దగ్గర్లో ఉన్నవాణ్ణి వెళ్లి చూడమంటారు. వాళ్లవాళ్ల క్షేమం కనుక్కునే ఈ దారిలోనే ఊరి కబురూ వస్తుంది, కలెక్టరాఫీసుకి అందాల్సిన కబురూ వస్తుంది.

ఇది లేకపోతే ఎలా ఉంటుందో 1996లో మన గోదావరి జిల్లాలు చూశాయి. నవంబర్ 6 రాత్రి కోనసీమ తుఫాను. చనిపోయినవాళ్లు, గల్లంతైన జాలర్లు కలిపి వెయ్యి దాటారు. సముద్రం పక్కనున్న భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్లలో ఇల్లిల్లూ ఏడిచింది. కొబ్బరితోటలు పడుకున్న తీరు చూసినవాళ్లు ఇప్పటికీ మర్చిపోరు. మా అప్పనిచ్చింది ముమ్మిడివరం వైపు. పాలకొల్లు నుంచి లెక్కేస్తే ఎంత దూరమండి? అయినా మూడు రోజులు వాళ్లు ఉన్నారో లేరో మాకు తెలియదు. మా నాన్న, నేను నరసాపురం వెళ్లి పంటు మీద సఖినేటిపల్లి దాటి, పడిపోయిన చెట్ల మీదుగా కొంత నడిచి, కొంత సైకిల్ మీద పోయాం. దారిలో ఎదురైన ప్రతివాడూ మాలాగే ఎవరో ఒకర్ని వెతుక్కుంటూ పోతున్నవాడే. అప్పావాళ్లు బాగానే ఉన్నారు. ఇంటి కప్పు పోయింది, మనుషులు దక్కారు. "బాగున్నాం" అనే ఒక్క మాట ముందే అందుంటే మా అమ్మ మూడు రోజులు అన్నం మానేసేది కాదు.

ఆ రోజుల్లో గోదావరికి అటూ ఇటూ ఎన్ని వేల ఇళ్లలో ఇదే జరిగిందో మీలో పెద్దవాళ్లకి తెలుసు.

ఇంక 2004 సంగతి. అండమాన్ దీవుల నుంచి హ్యామ్‌లు మాట్లాడటం 1987 తర్వాత మళ్లీ లేదు. హైదరాబాదులో 1983లో పెట్టిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అనే సంస్థ ఉంది. వాళ్లు అనుమతి సంపాదించి, 2004 డిసెంబరులో ఒక బృందాన్ని పోర్ట్‌బ్లెయిర్ పంపారు. నాయకురాలు భారతీ ప్రసాద్ గారు. పని వట్టి సరదా పనే. అరుదైన చోటు కాబట్టి ప్రపంచంలో ఉన్న హ్యామ్‌లందరూ ఆవిడతో ఒక్క మాట కలపాలని వరసలో ఉండేవారు. డిసెంబర్ 26 పొద్దున్నే భూకంపం, వెనకాలే సునామీ. దీవుల్లో ఫోన్లు మూగబోయాయి. ఆవిడ సెట్టు హోటలు బయట ఆరుబయట పెట్టుకుని పని మొదలెట్టారు. ఎక్కడెక్కడివాళ్లో తమ మాటలాపి దారి వదిలారు. బృందంలో కొందరు బాగా దెబ్బతిన్న కార్ నికోబార్ కూడా వెళ్లారు. ఆ తర్వాత రోజుల్లో అవతల గట్టున ఉన్న కుటుంబాలకి "మీవాళ్లు క్షేమం" అన్న కబుర్లు ఆ సెట్ల మీదే పోయాయి. నిన్నటిదాకా ఆట, ఇవాళ అదే ఆధారం. సెట్టు మారలేదు, మనిషి మారలేదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. ఈసారి దెబ్బ పల్లెకి కాదు, విశాఖపట్నం అంత నగరానికి. చేతిలో సెల్లు లేనివాడు లేడు, అయినా ఎవరి గొంతూ ఎవరికీ వినపడలేదు. టవర్లు పడ్డాయి, ఉన్నవాటికి కరెంటు లేదు. కైలాసగిరి మీదున్న వాతావరణ రాడారు కూడా దెబ్బతింది. అప్పుడూ హ్యామ్‌లు సెట్లు పట్టుకుని ఉత్తరాంధ్ర వెళ్లాల్సొచ్చింది. దివిసీమ నాటికీ హుద్‌హుద్ నాటికీ 37 ఏళ్లు. ఇంత సాంకేతికం పెరిగినా మొదటి రోజు కబురు మోసింది మళ్లీ బ్యాటరీ, తీగే.

ఇదేదో మన వెనకబాటు అనుకోకండి. 2017 సెప్టెంబరులో మరియా అనే పెనుతుఫాను అమెరికా కింద ఉన్న ప్యూర్టోరికో దీవిని ఊడ్చేసింది. అక్కడ అమెరికా రెడ్‌క్రాస్ ఏం చేసిందో తెలుసా? మాకు 50 మంది హ్యామ్‌లు కావాలని వాళ్ల సంఘాన్ని అడిగింది. వాళ్లకిచ్చిన పనుల్లో ఒకటి, బతికున్నవాళ్ల పేర్లు రాసి, బయట ఉన్న బంధువులకి తెలిసేలా పంపడం. అంత డబ్బున్న దేశంలో కూడా మొదట కావలసింది పేర్ల చీటీయే.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. రేడియో అన్నం పెట్టదు, ఉప్పెననీ ఆపదు. ప్రాణాలు ఎక్కువగా కాపాడింది ముందస్తు హెచ్చరిక, తుఫాను షెల్టర్లు, జనాన్ని ముందే తరలించడం. దివిసీమ తర్వాత 1990 మే నెలలో దాదాపు అదే తీరానికి మళ్లీ భీకరమైన తుఫాను వచ్చింది. జనాన్ని ముందే తరలించారు కాబట్టి మృతులు వెయ్యి లోపు ఆగారు. హుద్‌హుద్‌కి మన రాష్ట్రంలో పదుల్లో ఆగారు. ఆ ఘనత హ్యామ్‌లది అనడం లేదు. కానీ షెల్టరుకి రానివాడి సంగతేంటి? ముసలమ్మని వదల్లేక ఇంట్లోనే ఉండిపోయినవాడు, చెరువు గట్టు మీద కాపలా ఉన్న కుర్రాడు, వేటకెళ్లి తిరిగిరాని పడవ? వీళ్లు ఏ లెక్కలోనూ ఉండరు. వీళ్ల కోసం ఎవరో ఒకరు పేరు పెట్టి పిలవాలి.

అందుకే నేను చెప్పొచ్చేదేమిటంటే, హ్యామ్‌ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది రేడియో ఒక్కటే కాదు. ఆపద కోసమని కొని బీరువాలో దాచిన వస్తువు ఆపదలో పని చెయ్యదు. బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, వాడటం ఎవడికీ రాదు. రోజూ వాడేదే పనికొస్తుంది. మనుషుల మధ్య సంబంధమూ అంతే. రోజూ పలకరించుకునేవాళ్లే కనపడనప్పుడు వెతుకుతారు. మన రచ్చబండ ఒకప్పుడు ఇదే పని చేసింది. సాయంత్రం ఎవరు రాలేదో అందరికీ తెలిసేది. ఇప్పుడు అందరం ఫోన్లో ఉన్నాం, ఆ ఫోనే పోయిన రోజు ఎవరు రాలేదో ఎవరికీ తెలియదు.

రెండు పనులు చెబుతాను, వీలైతే చెయ్యండి.

ఒకటి, తుఫాను కాలం రాకముందే మీ వీధికో, మీ కాలవ ఆయకట్టుకో ఒక కాగితం రాయండి. ఎవరింట్లో మంచం మీదున్న పెద్దవాళ్లున్నారు, ఎవరు చెరువు మీద పడుకుంటారు, ఎవరు ఒంటరిగా ఉంటారు. గాలి ఆగాక ఆ కాగితం పట్టుకుని హాజరు పిలవడానికి ఇద్దర్ని ముందే అనుకోండి. ఒకరు దెబ్బతింటే ఇంకొకరు ఉంటారు. పేర్లు ఫోన్లో కాదు, కాగితం మీదే ఉండాలి.

రెండు, మీ పిల్లల్లో సైన్సంటే ఇష్టమున్నవాళ్లుంటే ఈ హ్యామ్ సంగతి చెప్పండి. 12 ఏళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. భీమవరంలో, నరసాపురంలో ఇంజనీరింగు చదివే పిల్లలు ఎంతమంది లేరు! మొగల్తూరు, పేరుపాలెం లాంటి సముద్రపు ఊళ్లకి దగ్గర్లో పదిమంది లైసెన్సున్న కుర్రాళ్లుంటే, ఈసారి కబురు కోసం బయటివాళ్లు సెట్లు మోసుకొచ్చేదాకా మనం రెండు రోజులు ఆగక్కర్లేదు. కొబ్బరిచెట్లు మనవే, ట్రాక్టరు బ్యాటరీ మనదే. తీగ కట్టే కుర్రాడు కావాలంతే.

దివిసీమవాళ్లు రెండు రోజులు ఎదురు చూశారు. మావాళ్ల కోసం మేము మూడు రోజులు చూశాం. మీ ఊళ్లో ఈసారి హాజరు ఎవరు పిలుస్తారో ఇవాళే అనుకోండి.

అందరికీ 73 అండి.