గోడకు తగిలిన డెల్కో

ఆ కట్టె జర ముందుకు నూకు బిడ్డా, పొగంత నా దిక్కే వస్తున్నది. చందానగర్ల చలి ఎట్లుంటదో మీకేం ఎరుక. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి గాలిని ఆపినయి. మేం వచ్చిన కొత్తల బొంబాయి రోడ్డు మీద నిలవడితె పటాన్‌చెరు దిక్కు నుంచి వచ్చే గాలి ఎముకలల్ల దూరుతుండె. రోడ్డు పొంటి అక్కడక్కడ బండ్లు బాగుచేసే రేకుల షెడ్లు. గండ్ల ఒకటి మా ఉస్తాద్‌ది.

నేను బీహెచ్‌ఈఎల్‌ల టర్నర్‌ను. డ్యూటీ దిగంగనే నా సైకిల్ ఉస్తాద్ షెడ్డు దిక్కు తిరుగుతుండె. మీ నానమ్మ ఇప్పటికీ నన్ను అంటది, జీతం ఒకకాడ, పాణం ఒకకాడ అని. సైబర్ టవర్స్ 1998ల తెరిచిన్రు కద, దానికి ముందుగాల ఈ దిక్కంత ఇనుము కోసేటోళ్ల రాజ్యం. ఇటు రామచంద్రాపురంల మా ఫ్యాక్టరీ, అటు బాలానగర్ల హెచ్‌ఎంటీ, 1968ల పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్. వాటి పక్కపొంటి చిన్న చిన్న లేత్ షాపులు. ఏ గల్లీల తట్టినా మైక్రోమీటర్ పట్టనేర్చినోడు ఒకడు దొరుకుతుండె.

ఇంజన్ మార్చుడు అంటె అప్పట్ల అందరికీ తెలిసింది ఒక్కటే. అంబాసిడర్‌ల పెట్రోల్ ఇంజన్ దించు, మాటడార్ డీజిల్ ఇంజన్ ఎక్కించు, కిలోమీటరుకు అయ్యే పైసలు లెక్కవెట్టుకొని సంబరపడు. డీజిల్‌కు నిప్పురవ్వతోని పని లేదు, ఆ రవ్వ పంచే డెల్కోను పీకి తుక్కుల పడేసెటోళ్లు. అదే డెల్కో మీద మా షెడ్డుల పంచాయతి నడుస్తదని ఎవలనుకున్నరు?

శంకర్‌పల్లి దిక్కు ద్రాక్ష తోటలున్న ఒక పటేల్‌కు పాత జిప్సీ ఉండె. మారుతి వాడు 1985 ఆఖరుకు దించిన మోడల్, 970 సీసీ, 45 గుర్రాల బలం. నాలుగు చక్రాలకూ జోరిస్తది, బురదల పడితె ఆగది. కని అనంతగిరి గుట్ట ఎక్కేటప్పుడు ఎనక లోడుంటె రెండో గేరుల మూలుగుతుండె. 1994ల ఎస్టీమ్ కారు వచ్చింది, 1298 సీసీ, 65 గుర్రాలు. ఎక్కడ్నో గుద్దుకున్న ఎస్టీమ్ నుంచి ఇంజన్ సంపాయించి ట్రాలీల వేసుకొని వచ్చిండు పటేల్. "ఇది దాంట్ల కూసోవాలె ఉస్తాద్, ఖర్సు నాది" అన్నడు.

గొలుసు మీద వేలాడదీసి దించినం. గేర్‌బాక్సుకు జోడి కుదిరేతట్టు కొలతలు తీసుకున్నం, మౌంటింగులకు గుర్తులు పెట్టుకున్నం, అంత మంచిగనే ఉన్నది. ఆఖరుకు ఎనక చూస్తె డెల్కో పోయి డ్రైవర్ కాళ్ల ముందటి రేకుగోడను పొడుస్తున్నది. ఎందుకంటె ఎస్టీమ్‌ల ఇంజన్ అడ్డంగ ఉంటది. హెడ్డుకు గేర్‌బాక్సు దిక్కున్న కొసకు, క్యామ్‌షాఫ్ట్ చివరన డెల్కో తగిలిచ్చిన్రు. ఆ కార్ల అక్కడ జాగకు కొదవ లేదు. జిప్సీల ఇంజన్ పొడుగ్గ కూసుంటది, గేర్‌బాక్సు కొస గోడ దిక్కు తిరుగుతది.

షెడ్డుల తలా ఒక మాట. సుత్తెతోని గోడను లోపలికి కొడుదమని ఒకడు. ఇంజన్నే ముంగటికి జరుపుదమని ఇంకొకడు, అట్లయితె ఫ్యాను రేడియేటర్ల పడుతది. ఉస్తాద్ బీడీ ముట్టిచ్చి, "బండిని కోసెటోడు మెకానిక్ కాదు, డెల్కోనే జరుపుదం" అన్నడు. మాట చిన్నదే.

మీకు డెల్కో అంటె తెల్వదు కద. ఇప్పటి బండ్లల్ల ఒక్కో ప్లగ్గు నెత్తిన ఒక్కో కాయిల్, ఎప్పుడు వెలిగియ్యాలెనో కంప్యూటర్ చెప్తది. అప్పుడు ఆ హుకుం డెల్కోది. క్రాంకు రెండు చుట్లు తిరిగితె డెల్కో ఒక్క చుట్టు తిరుగుతది, ఆ ఒక్క చుట్టుల ఒకటి, మూడు, నాలుగు, రెండు అనుకుంట నాలుగు ప్లగ్గులకూ కరెంటు పంచుతది. లోపల చిన్న బరువులుంటయి. జోరు పెరిగినకొద్ది అవి బయటికి విచ్చుకొని రవ్వను ముందుగాల వచ్చేతట్టు చేస్తయి. పక్కన వాక్యూమ్ డబ్బ కూడ ఆ పనే చేస్తది. ఆ బరువులు ఒక దిక్కు తిరిగేటందుకే కట్టినయి. ఉల్టా తిప్పితె జోరుల రవ్వ ముందుకు రావుడు బందయితది, ఇంకా ఎనకకే పోతది. వైర్లు మార్చి గుచ్చినా ఆ రోగం పోదు.

ఉస్తాద్ మొదటి ఆలోచన బెల్టు. క్యామ్ కొసకు పల్చటి పళ్ల పుల్లీ, ట్యాపెట్ కవర్ పక్కన బ్రాకెట్ మీద డెల్కో, దానికీ అంతే పుల్లీ. గోడ దిక్కు పుల్లీ మందం తప్ప ఇంకేం పొడుచుకరాదు. డెల్కోను మాత్రం ఎనకకు ముందు తిప్పి, మూత రేడియేటర్ దిక్కు ఉండేటట్టు పెట్టాలె. సుద్దముక్కతోని నేల మీద గీసిండు. నాకూ మస్తు నచ్చింది.

బాలానగర్ల టూల్‌రూముల చేసి రిటైరయిన ఒక పెద్దమనిషి చాయ్‌కు వస్తుండె. గీసింది చూసి, జేబుల నుంచి రెండు రూపాయి బిళ్లలు తీసిండు. రెంటికీ కలిపి దారం చుట్టి ఒకదాన్ని తిప్పితె రెండోది అదే దిక్కు తిరిగింది. "ఇప్పుడు అటు పోయి చూడు" అన్నడు నాతోని. బల్లకు అద్దం ఉండె, కిందికెళ్లి చూసిన. ఉల్టా! డెల్కో మొకం తిప్పుతున్నం కాబట్టి దాని లెక్కల అది ఉల్టా తిరుగుతది. ఇగ దారం తీసి బిళ్లల అంచులు ఆనిచ్చి తిప్పిండు. పళ్లు పట్టుకున్న గేర్ల తీరుగ రెండోది ఎదురు తిరిగింది. కిందికెళ్లి చూస్తె సరిగ్గ ఉన్నది. మొకం తిప్పితె ఒక ఉల్టా, గేరుతోని ఇంకో ఉల్టా, రెండూ కలిసి సీదా. మధ్యల మూడో గేరు పెడితె మళ్ల మొదటికే. ఉస్తాద్ బీడీ ఆర్పి సుద్దగీతలు కాలుతోని తుడిచేసిండు, ఒక్క మాట అనలే.

అసలు పని గంతే బిడ్డా, తక్కినదంత చేతి పని. రెండు గేర్లు, రెండు మాడ్యూల్, ఒక్కోదానికి 40 పళ్లు. అంటె నడుమ దూరం 80 మిల్లీమీటర్లు. డెల్కో ట్యాపెట్ కవర్ భుజం మీద కూసునేటట్టు మొదలు అట్టతోని, ఎనుక కట్టెతోని నమూనా చేసి బానెట్ మూసి చూసినం. పళ్లు బాలానగర్ల కోపిచ్చినం, గేర్లకు అల్యూమినియం డబ్బ నేను చేసిన. గేర్ల నడుమ ఆట ఎక్కువుంటె రవ్వ అటు ఇటు ఊగుతది. పళ్ల మీద 0.1 మిల్లీమీటర్ వదులుంటె క్రాంకు కాడ పావు డిగ్రీకి పైననే. డెల్కో కాడ ఎంత తప్పుంటె క్రాంకు కాడ దానికి రెండింతలు. జోడిచ్చేటప్పుడు ఒక్క పన్ను తప్పితె డెల్కోకు 9 డిగ్రీలు, క్రాంకుకు 18. అందుకనే రెండు గేర్ల మీద చుక్కలు కొట్టిన. హెడ్డుల నూనె డబ్బలకు రావాలె, డబ్బ నుంచి డెల్కోలకు పోవద్దు, అక్కడ సీలు. డెల్కోను అటిటు తిప్పి టైమింగ్ పెట్టుకునే గాడి కూడ మర్వలే. ఆ గాడి మర్చిపోయి డెల్కో జరిపిన పనులు నేను తర్వాత చూసిన, ఎంత సోకుగ ఉన్నా తుక్కే.

స్టార్ట్ చేసిన దినం గేర్లు కూతవెట్టినయి. నిలువు పళ్లు కద, ఆ కూత పోదు. పటేల్ మాత్రం లారీ తీరుగ ఉన్నదని ఖుషీ అయిండు. అనంతగిరి మూడో గేరుల ఎక్కిచ్చి వచ్చిండు. ఆర్టీవో కాడ మాత్రం గుట్ట కంటె ఎక్కువ ఎక్కవలసి వచ్చింది. 1988 మోటారు వాహనాల చట్టంల 52వ సెక్షన్ ఉన్నది, బండి మార్చితె ఆర్‌సీల రాయిచ్చుకోవాలె. ఇంజన్ నంబర్ మారింది కద మరి.

మొన్న మా మనుమడు ఫోన్ల చూపిచ్చిండు. టొయోటా 20 వాల్వుల 4ఏజీఈ ఇంజన్ను పాత ఎనక చక్రాల కొరొల్లల పొడుగ్గ పెట్టెటోళ్లకు కూడ ఇదే తిప్పలట, డెల్కో పోయి గోడకు తగులుతదట. దాన్ని జరిపే కిట్లు అమ్ముతరట. నాకు నవ్వొచ్చింది. వాళ్ల దేశంల కూడ ఎవలో ఒకలు బిళ్లలు తిప్పే ఉంటరు.

పటేల్ బామ్మర్ది గూడ అట్లాంటిదే కావాలని వచ్చిండు. గంతల 1996ల కంపెనీ వాడే 1300 ఇంజన్‌తోని జిప్సీ కింగ్ దించిండు. ఉస్తాద్ ఆయనకు సాఫ్ చెప్పిండు, పాతది అమ్మి కింగ్ కొనుక్కో అని. వచ్చిన గిరాకీని ఎందుకు పంపినవ్ అని అడిగితె, "ఆలోచించేది అయిపోయింది, ఇగ రెండోదాంట్ల ఏమున్నది చేసుడు తప్ప" అన్నడు. నేను మనసుల మంచిగ తిట్టుకున్న. ఆ నెల మీ నాయన కాలేజీ ఫీజు కట్టేది ఉండె.