మాటలేని సంధి: ఇంటెన్సివ్ కేర్‌లో డెలీరియం గుర్తింపు చరిత్ర

తీవ్రజ్వరంలో రోగి పలికే పొంతనలేని మాటలను తెలుగువారు ‘సంధి ప్రేలాపన’ అన్నారు. ఈ పేరులోనే ఒక పరిమితి ఉంది. రోగి నోరు విప్పితేనే సంధి తెలుస్తుంది. ప్రాచీన వైద్యుల చూపు ఇంత ఇరుకు కాదు. చరకసంహిత సన్నిపాతజ్వర లక్షణాలలో ప్రలాపంతోపాటు తంద్రను, మోహాన్ని కూడా చేర్చింది. గ్రీకు వైద్యులు ఉద్రేకంతో కూడిన స్థితిని ‘ఫ్రెనైటిస్’ అనీ, మగతగా పడి ఉండే స్థితిని ‘లెథార్గస్’ అనీ వేరుచేశారు.

ఈ రెండవ రూపమే ఆధునిక ఆసుపత్రిలో మరుగునపడింది. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో ప్రబలినప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ రోగుల శ్వాసనాళంలో గొట్టం అమర్చి, చేతితో గాలి అందించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. మరుసటి ఏడే ప్రత్యేక ఇంటెన్సివ్ కేర్ విభాగం ఏర్పడింది. గొట్టం ప్రాణం నిలిపింది, మాటను ఆపింది. తర్వాతి దశాబ్దాలలో మత్తుమందులు తోడై, కదలని రోగి ‘నెమ్మదిగా ఉన్న’ రోగిగా లెక్కకు వచ్చాడు.

మెదడు పనితీరు మందగించడమే డెలీరియం అని ఎంగెల్, రొమానో 1959లోనే ఈఈజీ ఆధారంగా వాదించారు. అయినా వార్డులలో ‘ఐసీయూ సైకోసిస్’ అన్న పేరే స్థిరపడింది. శస్త్రచికిత్స పొందిన రోగులపై విల్సన్ 1972లో ప్రచురించిన పరిశీలనలో డెలీరియం కిటికీలు లేని విభాగంలో 40 శాతం మందికి, ఉన్న విభాగంలో 18 శాతం మందికి కనిపించింది. పరిశీలన విలువైనదే. కానీ నింద గది మీదికి పోయేసరికి, ఇది ఆ చోటికి సహజమేనన్న ఉదాసీనతకు కూడా దారి ఏర్పడింది.

మార్పు తెచ్చినది కొత్త మందు కాదు, ఒక పరీక్ష. ఇనౌయీ బృందం 1990లో రూపొందించిన పద్ధతిని ఈలీ బృందం 2001లో మాట్లాడలేని రోగులకు అనువుగా మలచింది. పరీక్షకుడు అక్షరాలు చదువుతుంటే ‘ఎ’ వినిపించినప్పుడల్లా రోగి చేయి నొక్కాలి. అవధానం తప్పిందా లేదా అన్నది నోటితో పనిలేకుండానే తేలుతుంది. 2004లో అదే బృందం వెంటిలేటర్‌పై ఉన్న 224 మందిని పరిశీలించగా 183 మందికి డెలీరియం ఉన్నట్టు తేలింది. ఆరునెలల్లో మరణించినవారు డెలీరియం వచ్చినవారిలో 34 శాతం, రానివారిలో 15 శాతం. ఇది సంబంధాన్ని చూపుతుందే గాని కారణాన్ని నిరూపించదు. అయినా ‘సహజమే’ అన్న మాటకు ఇక ఆధారం మిగలలేదు.

చికిత్స మాత్రం చాలాకాలం పాత ఊహ మీదనే నడిచింది. ఉద్రేకాన్ని అణిచే హాలోపెరిడాల్‌నే వైద్యులు విరివిగా వాడారు. 2018లో ప్రచురితమైన మైండ్-యుఎస్ఏ ప్రయోగంలో ఆ మందు డెలీరియం వ్యవధిని తగ్గించలేదు. ఆ ప్రయోగంలోని 566 మంది రోగులలో 89 శాతం మందిది మగత రూపమే.